అమ్మ కాలికి నాలుగు వేళ్లు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఫిబ్రవరి రెండో వారంలో నాలుగు రోజులు సముద్రం దగ్గర ఇల్లు అద్దెకు తీసుకుందామని సంక్రాంతి నాడే అనుకున్నాం. ఈసారి అమ్మ కూడా వస్తోంది. అమ్మకు డెబ్బై ఒకటి. ఇంతవరకు సముద్రం చూడలేదు. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద కూర్చుని "పేరుల సముద్రముంది గద, ఇదే నా సముద్రం" అంటుంటుంది. కందూరు చోడుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు కృష్ణ నీళ్లతో నిండుతుంది. అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

మా ఆయనకు భీమిలి అంటే ప్రాణం. గోస్తని కడలిలో కలిసే చోటు, డచ్చి వాళ్ల పాత సమాధులు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ పిల్లలకు చూపించాలని ఆయన కోరిక. నల్లగొండలో జన్మభూమి ఎక్కితే నేరుగా విశాఖలో దిగొచ్చు. అక్కడ ఒక ఇల్లు ఫోటోల్లో చూశాం. వరండాలోంచి నీలం తప్ప ఇంకేమీ కనిపించదు. కాసేపు నేనూ చూస్తూ ఉండిపోయాను. కానీ ఇల్లు గుట్ట వాలు మీద ఉంది. మెట్లు ఎన్నని అడిగితే ఓనరు ఇరవై రెండన్నాడు. ఆ మాట వినగానే ఆ ఫోటో పక్కన పెట్టేశాను. ఆయన కూడా మారు మాట్లాడలేదు.

అమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అమ్మ చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్లలో అంతకంటే చాలా ఎక్కువే. నడుము వంగింది, మోకాళ్లు పట్టేశాయి. బయటివాళ్లు చూసి వయసు అనుకుంటారు. వయసు కాదు, నీళ్లు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు కోపం తగ్గదు.

సూర్యలంక కూడా చూశాం. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, తీరం బాగా వెడల్పు. కానీ నాకు నచ్చిన ఇంటి నుంచి నీళ్ల దాకా ఇసుకలో చాలా దూరం నడవాలి. చివరికి చీరాల దగ్గర ఓడరేవులో, సరుగుడు చెట్ల వెనక ఒక చిన్న ఇల్లు దొరికింది. కింది అంతస్తు, రెండు గదులు, వెస్టర్న్ టాయిలెట్. పడవలు ఒడ్డుకొచ్చే చోటు దగ్గరే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అంతకుముందే పోతే అమ్మకు పడవలు, చేపల బేరాలు కనిపిస్తాయి. తుపాన్ల రోజులూ దాటిపోయి ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఆ బాపట్ల దగ్గరే కదా, ఆ భయం నాకుంది.

ఫోటోలను మాత్రం నేనిక నమ్మను. రెండేళ్ల కిందట పిల్లలతో ఒక ఊరికి పోయినప్పుడు "సముద్రం కనిపించే ఇల్లు" అని అడ్వాన్స్ తీసుకున్నారు. తీరా పోతే మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే కనిపించింది. చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. అందుకే ఈసారి ఆ ఇల్లు చూసుకునే ఆమెను వీడియో కాల్ చేసి గేటు నుంచి ఇసుక దాకా నడవమన్నాను. పాపం, చెప్పులు చేతిలో పట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచింది. నూట నలభై. దారిలో రాలిన సరుగుడాకు మెత్తగా పరుచుకుని ఉంది, అమ్మ కాలికి అది మేలే.

"బాత్రూం గడప ఎంత ఎత్తుంటదమ్మా?" అని అడిగాను. ఆమె వంగి వేళ్లు అడ్డంగా పెట్టి చూసి "ఐదు వేళ్లండీ" అంది.

అప్పుడు అమ్మను మా బాత్రూం దగ్గరికి తీసుకొచ్చి కాలెత్తమన్నాను. కుడికాలు నాలుగు వేళ్ల దాకా లేచి ఆగిపోయింది. వెండి మెట్టె వదులై వేలి మీద పక్కకు తిరిగింది. మడమ వణుకుతుంటే గోడ పట్టుకుంది. నేను కింద కూర్చుని ఆ ఎత్తు నా చేత్తో కొలుచుకున్నాను. ఒక్క వేలు తక్కువ. గడప ముందు వేయడానికి ఇక్కడి నుంచే ఒక పీట తీసుకుపోదామని ఆయనతో చెప్పాను.

మేమందరం సముద్రం ఎంత దగ్గర అని అడుగుతుంటే అమ్మ అడిగింది ఒకటే.

"ఆడ తాగే నీళ్లెట్లుంటయి బిడ్డా?"

బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయట, తాగడానికి క్యాన్లు తెప్పిస్తారట. అది విని "నాలుగు క్యాన్లు మనమే కొంటవోదాం" అంది. సరే అన్నాను.

నారాయణాద్రి రైలుకు పోతే చీరాలలో అపరాత్రి దిగాలి. అందుకని కారే ఖాయం చేశాం. మిర్యాలగూడ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణ దాటాలి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట ఒక పది నిమిషాలు ఆపాలని అమ్మ షరతు. సాయంత్రం అడ్వాన్స్ పంపేశాను.

ఇందాక మంచినీళ్లకని లేస్తే బాత్రూం దగ్గర లైటు వెలుగుతోంది. అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కుడికాలు ఎత్తుతోంది, దించుతోంది, మళ్లీ ఎత్తుతోంది.

"ఏందమ్మా, నిద్రపోలే?"

"ఆడి గడప ఎన్ని వేళ్లన్నవ్?"