బిడ్డ దక్కకపోతే, కాన్పులో వచ్చే మాయను పరీక్షకు పంపనివ్వండి

ఎనిమిదో నెలలో ఒక రాత్రి పాప కదలిక బాగా తగ్గింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీ నర్సు, "నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదమ్మా, కదలికలు తగ్గుతాయి. పొద్దున రండి" అంది. ఎడమవైపు తిరిగి పడుకున్నాను. చల్లటి నీళ్ళు తాగాను. కడుపు మీద చెయ్యేసి పిలుస్తూనే ఉన్నాను. తెల్లవారుజామున ఒకసారి కదిలినట్టనిపించింది. అది పాపో, నా గుండెదడో ఇప్పటికీ తెలియదు. చోటు చాలదన్న మాట అబద్ధం. కాన్పయ్యేదాకా బిడ్డ కదులుతూనే ఉండాలి.

పొద్దున స్కానింగ్‌లో గుండె ఆగిపోయి ఉంది. నొప్పులు రప్పించి కాన్పు చేశారు.

బిడ్డ వెనకే వచ్చే మాయను (ప్లాసెంటాను) తీసుకెళ్ళి పాతిపెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నాన్న దానికోసం నిలబడితే ఒక జూనియర్ డాక్టరమ్మ, "అంకుల్, కారణం ఇందులోనే దొరకొచ్చు. ల్యాబుకు పంపనివ్వండి" అని బతిమాలింది. ఆమె కాళ్ళకు మొక్కినా నా రుణం తీరదు.

ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చిన పెద్దమ్మ, "గ్రహణం నాడు బయటికొచ్చిందేమో" అంది. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి సలుపుతుంటే ఆ మాట విన్నాను. రోజుల తరబడి క్యాలెండర్ తిరగేశాను.

తర్వాత రిపోర్టు వచ్చింది. నెలలు నిండేసరికి మాయ సుమారు అరకిలో తూగుతుంది. నాది అందులో సగం కూడా లేదు. రక్తం గడ్డలు కట్టి చాలాచోట్ల చచ్చుబడి ఉంది. బిడ్డకు ఆక్సిజన్, తిండి అందే దారి అదొక్కటే. ఆ దారి కొన్ని వారాలుగా మూసుకుపోతూ వచ్చిందట. గ్రహణం కాదు, నేను ఎత్తిన బిందె కాదు. ఆ కాగితం పట్టుకుని మా ఆయనా నేనూ మొదటిసారి కలిసి ఏడ్చాం.

రిపోర్టు చూసి రక్తపరీక్షలు రాశారు. రక్తం గడ్డలు కట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. 12 వారాలు ఆగి మళ్ళీ చేసినా అదే ఫలితం. రెండోసారి నెల తప్పగానే చిన్న డోసు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకు హెపారిన్ సూది, బిడ్డకు రక్తం సరిగ్గా అందుతోందో చూసే డాప్లర్ స్కాన్ తరచూ. అమ్మ దుర్గమ్మకు ముడుపు కట్టింది. కాస్త ముందుగానే ఆపరేషన్ చేసి పాపను తీశారు. గట్టిగా ఏడ్చింది.

కడుపులో కదలిక తగ్గితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండమ్మా, ఫోన్లో చెప్పే ధైర్యం వినకండి. బిడ్డ దక్కకపోతే, ఆ దుఃఖంలోనే అయినా సరే, మాయను పరీక్షకు పంపమని ఇంట్లో ఒకరు అడగండి. అన్ని కారణాలూ అందులో దొరకవు, నాకు దొరికింది. పెద్దమ్మతో ఇప్పుడు మాట్లాడుతున్నాను. ఆ రాత్రి ఫోనెత్తిన నర్సును మాత్రం క్షమించలేదు.