పెద్దమ్మ పారిస్ సంచి, దాని జిప్పు, నా పది రోజులు

నిన్న సాయంత్రం విజయవాడ వన్‌టౌన్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఐదు దాటింది. చేతిలో పెద్దమ్మ సంచి. జిప్పు ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా ఆగకుండా జారుతోంది. పది రోజులుగా దీని వెంట తిరిగాను. అందులో ఒక్క రోజును మాత్రం చచ్చేదాకా మరచిపోలేను. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

సంచి ఫ్రాన్సులో ఖరీదైన సంచులు చేసే లూయీ వితాన్ కంపెనీది, రకం పేరు స్పీడీ. గోధుమరంగు గుడ్డ మీద ఎల్, వి అక్షరాలు, నాలుగు రేకుల పువ్వులు ఉంటాయే, అదే. పెద్దమ్మ 2004లో అన్నయ్య దగ్గరకు పారిస్ వెళ్లి మూడు నెలలు ఉంది. అప్పుడు కొనుక్కుంది. సత్యనారాయణపురంలో ఇంటి ముందు గదిలో ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి ఆమె. బ్లవుజులు కుట్టి దాచుకున్న డబ్బు అన్నయ్య చేతిలో పెట్టి, "నీ జీతంలోంచి ఒక్క పైసా కలపకు" అని చెప్పి మరీ కొన్నదట. తిరిగి వచ్చాక నన్ను పిలిచి, సంచిని బోర్లించి చూపించింది. "అడుగున కుట్టు లేదు చూడవే. ముందు వైపు, అడుగు, వెనక వైపు అంతా ఒకే గుడ్డ. అందుకే వెనక అక్షరాలు తలకిందులుగా వచ్చాయి. అక్షరాలు నిటారుగా కనబడాలని అడుగున అతుకు వేసి ఉంటే, బరువంతా ఆ అతుకు మీదే పడేది" అంది. ఆ రోజు నాకు అంతగా పట్టలేదు. మొన్న హైదరాబాద్‌లో నిలబడినప్పుడు ఆ మాటే చేతికర్ర అయింది.

పెద్దమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది. అన్నయ్య సంచి నాకిచ్చాడు. బిల్లు ఏనాడో పోయింది.

గుంటూరులో పెళ్లికి వెళ్లి వస్తుండగా బస్సులో జిప్పు విడిపోయింది. జిప్పు మీద జారే రన్నర్ ముందుకు వెళుతుంది, వెనకాల పళ్లు కలవవు. ఒక పిడి మొదట్లో కుట్టు కూడా నాలుగైదు చోట్ల తెగింది. బీసెంట్ రోడ్డులో మూడు దుకాణాలు తిరిగాను. జిప్పు మొత్తం పీకి కొత్తది వేస్తామన్నారు. ఒకరైతే అంచున ఉన్న తోలు పైపింగ్ కోసి మళ్లీ కుడతామన్నారు. ఇరవై ఏళ్ల తోలు ఒకసారి కోస్తే మళ్లీ అదే రంధ్రాల్లో కుట్టు పడదు. పెద్దమ్మ దగ్గర పెరిగిన నాకు ఆ మాత్రం తెలుసు. వద్దన్నాను.

ఖరీదైన సంచులు బాగుచేసే, పాతవి కొని అమ్మే దుకాణం హైదరాబాద్‌లో ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. పేరు రాయను. ఫోను చేశాను, ఫొటోలు పంపాను, జిప్పు మార్చడానికి పన్నెండు వేలు అవుతుందన్నారు. సంచి అసలైనదైతేనే తీసుకుంటాం, వచ్చి చూపించండి అన్నారు. సరే అని పొద్దున్నే రైలెక్కాను.

లోపల చల్లటి ఏసీ, అద్దాల అరలు, ఒక్కో అరలో ఒక్కో సంచి దేవుడి విగ్రహంలా. నేను నేత చీర కట్టుకున్నాను. సంచిని దుమ్ము పడకుండా పాత నూలు చీర ముక్కలో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్లాను. కౌంటర్ దగ్గర పాతికేళ్ల కుర్రవాడు తెల్ల చేతి తొడుగులు వేసుకుని సంచి అందుకున్నాడు. ముందు వైపు చూశాడు. తిప్పి వెనక వైపు చూశాడు. చూసి, నా కళ్ల ముందే రెండు తొడుగులూ తీసి పక్కన పెట్టాడు.

"మేడమ్, వెనక అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ఇది నకిలీది" అన్నాడు. గొంతు తగ్గించలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి ముందు సంచిని, తర్వాత నా చీరను, ఆ తర్వాత నా చెప్పులను చూశారు.

ఒకే గుడ్డ చుట్టి చేసినప్పుడు వెనక అలాగే వస్తుంది బాబూ, అడుగు చూడు, కుట్టు లేదు అన్నాను. అడుగు చూడలేదు. "అసలైనదని ఇచ్చిన కార్డు ఏది?" అన్నాడు. ఈ కంపెనీ తన సంచులతో అటువంటి కార్డు ఇవ్వనే ఇవ్వదు. షానెల్ అనే ఇంకో కంపెనీ వాళ్లు ఏళ్ల తరబడి ఇచ్చారు కాబట్టి అందరూ ఇస్తారనుకోవడం పొరపాటు. పైగా లూయీ వితాన్ సంచితో పాటు కార్డు కూడా చేతిలో పెడితే అప్పుడు అనుమానించాలి. అదే చెప్పాను. నవ్వాడు.

ఆ తర్వాత లోపలి జేబు దగ్గర చిన్న తోలు ముక్క మీద ఉన్న సంఖ్య చదివాడు. ఎస్‌పి 0064. "అరవై నాలుగో సంవత్సరమా మేడమ్? మీ పెద్దమ్మగారు 2004లో కొన్నారన్నారుగా?" అని పక్కవాడి వైపు చూశాడు. రోజూ ఇవే సంచులు అమ్మి జీతం తీసుకునే మనిషికి ఈ సంఖ్య చదవడం రాదు. 1990 నుంచి 2006 దాకా మొదటి రెండు అక్షరాలు తయారైన చోటుకు గుర్తు. నాలుగు అంకెల్లో ఒకటోదీ మూడోదీ కలిపితే నెల, రెండోదీ నాలుగోదీ కలిపితే సంవత్సరం. 0064 అంటే 06వ నెల, 04వ సంవత్సరం. 2004 జూన్‌లో తయారైంది, అదే ఏడాది పెద్దమ్మ కొన్నది. 2007 నుంచి నెల బదులు వారం వేశారు. 2021 మార్చి తర్వాత ఈ సంఖ్య పోయి లోపల చిప్పు వచ్చింది. ఇదంతా వరుసగా, తడబడకుండా అక్కడే చెప్పాను. ఆ గదిలో ఆ సంచి గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఈ రోజుకీ గట్టిగా చెప్పగలను.

మేనేజరు వచ్చాడు. సంచిని ముట్టుకోలేదు. నా వైపు జాలిగా చూసి, "ఎవరో మీ పెద్దమ్మగారిని మోసం చేసి ఉంటారమ్మా, విదేశాల్లో ఇలాంటివి మామూలే" అన్నాడు.

నన్ను అన్న మాటలు మింగగలిగాను. ఈ మాట మింగలేకపోయాను. గజం గుడ్డ చేతిలో పట్టుకుని అందులో నూలు ఎంతో చెప్పగలిగిన మనిషి పెద్దమ్మ. ఊళ్లో ఎవరి రవికలో అతుకు ఎక్కడుందో వీధి అవతల నుంచి చెప్పేది. ఆమెను మోసం చేయగలిగినవాడు ఇంకా పుట్టలేదు. "నకిలీదని మీ దుకాణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి" అన్నాను. ఇవ్వలేమన్నాడు. నలుగురి ముందు నోటితో అనగలిగినది కాగితం మీద ఎందుకు రాయలేరని మూడుసార్లు అడిగాను. జవాబు లేదు. కుర్రవాడు సంచిని రెండు వేళ్లతో నా వైపు నెట్టాడు. చీర ముక్కలో చుట్టుకుని బయటకు వచ్చాను. సికింద్రాబాద్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చున్నాక కళ్లలో నీళ్లు వచ్చాయి. దుకాణంలో మాత్రం రానివ్వలేదు.

చెప్పులు చూసి మనిషి విలువ కట్టే కౌంటర్లకు ఒక మాట చెప్పాలి. మీరు అమ్మే వస్తువుకు మూలపురుషుడైన లూయీ వితాన్ 1821లో ఫ్రాన్సులో జూరా కొండల పల్లెలో పుట్టాడు. పద్నాలుగో ఏట ఇల్లు వదిలి, దారిలో దొరికిన పనులు చేసుకుంటూ కాలినడకన పారిస్ చేరాడు. పెట్టెలు చేసేవాడి దగ్గర పనికి కుదిరి, 1854లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. ఈ రోజు ఆ పిల్లవాడు దుమ్ము కాళ్లతో మీ తలుపు తోస్తే లోపలికి రానిస్తారా?

ఆయన పెట్టెలు బాగుండటంతో అందరూ కాపీ కొట్టారు. గుడ్డ మీద చారలు వేసి చూశారు, గళ్లు వేసి చూశారు, అయినా కాపీలు ఆగలేదు. ఆయన పోయాక కొడుకు జార్జ్ 1896లో తండ్రి పేరు పొడి అక్షరాలతో ఈ పువ్వుల గుడ్డను తెచ్చాడు. నకిలీలను ఆపడానికి పుట్టిన గుర్తే ప్రపంచంలో ఎక్కువగా నకిలీ అయ్యే గుర్తుల్లో ఒకటైంది. అసలు పనివాడి కష్టాన్ని దొంగిలించే ఆ నకిలీల మీద నాకూ కోపమే. అందుకే అసలు దాన్ని నకిలీ అంటే ఇంకా మండింది. స్పీడీ 1930లో వచ్చింది. మొదట్లో దాని పేరు ఎక్స్‌ప్రెస్. రైళ్లు, కార్లు వేగం పుంజుకుంటున్న కాలంలో చేతిలో పట్టుకుని చటుక్కున బయలుదేరడానికి చేసిన చిన్న ప్రయాణపు సంచి. నటి ఆడ్రీ హెప్‌బర్న్ 1965లో ఇంకా చిన్నది కావాలని అడిగితే 25 సెంటీమీటర్లది చేసి ఇచ్చారు. పెద్దమ్మది 30. కూరల సంచిలా భుజానికి తగిలించేది కాదు, ముంజేతికి వేసుకోవాలి. గుడ్డ మెత్తగా ఉంటుంది, సామాను ఎంత ఉంటే అంత ఆకారం తీసుకుంటుంది. పెద్దమ్మకు దాని అందమంతా అందులోనే కనబడేది.

ఇంటికి వచ్చాక నా మాట నేను నిరూపించుకోవాలనుకున్నాను. ఫొటోలు చూసి అసలు, నకిలీ తేల్చే సంస్థలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. రుసుము రెండు వేల చిల్లర. ముందు, వెనక, అడుగు, పిడి కుట్లు, తాళంకప్ప మీది అంకె, తాళంచెవుల మీది అంకె, లోపలి సంఖ్య, అన్నీ తీయాలి. ఆ లోపలి సంఖ్య ఫొటోకే గంట పట్టింది. మధ్యాహ్నం పెరట్లోకి తీసుకెళ్లి, ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుంటే వచ్చింది. ఫ్లాష్ వేయకండి, తోలు మీద అచ్చు తెల్లబడిపోతుంది. మూడో రోజు పత్రం వచ్చింది. అసలైనదే. హైదరాబాద్ దుకాణానికి పంపాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

ఇక జిప్పు. కూరగాయలు అమ్మే ఆవిడ చెప్పింది, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో సూట్‌కేసులు, స్కూలు సంచులు కుట్టే పెద్దాయన ఉన్నాడని. నిన్న మధ్యాహ్నం వెళ్లాను. పేరు చెప్పలేదు, పారిస్ అనలేదు. "బాబాయి గారూ, జిప్పు పట్టడం లేదు, చూస్తారా" అన్నాను.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. సంచిని బోర్లించాడు. బొటనవేలితో అడుగంతా తడిమాడు. "అడుగున అతుకు లేదమ్మా. ఒకే ముక్క. అందుకే వెనక బొమ్మ తిరగబడింది. మంచి చెయ్యి" అన్నాడు.

ఒక్క క్షణం నాకు మాట రాలేదు.

జిప్పు పళ్లన్నీ బాగానే ఉన్నాయట. ఇత్తడి పళ్లు, ఇంకో ఇరవై ఏళ్లు వస్తాయన్నాడు. వాడగా వాడగా రన్నర్ నోరు వెడల్పయింది, అంతే. పట్టకారుతో రెండు వైపులా వెనక అంచును కొంచెం కొంచెం నొక్కాడు. లాగి చూశాడు, మళ్లీ ఒక నొక్కు. పట్టుకుంది. రెండు నిమిషాల పని. దీనికి పన్నెండు వేలు! తర్వాత పిడి. నూలు దారానికి తేనెమైనం రాసి, రెండు చివరలా రెండు సూదులు ఎక్కించి, పాత రంధ్రాల్లోంచే ఎదురెదురుగా తీసుకుంటూ కుట్టాడు. అలా కుడితే ఒక పోగు తెగినా మిగతా కుట్టు ఊడిపోదు. ఆరెతో కొత్త రంధ్రం ఒక్కటి కూడా పొడవలేదు. నూట యాభై అడిగాడు. ఐదు వందలు ఇస్తే తీసుకోనన్నాడు, పట్టుబట్టి ఇచ్చాను.

ఇలాంటి సంచి ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంత. జిప్పు పట్టకపోతే జిప్పు మార్చకండి, ముందు రన్నర్ చూపించండి. పిడుల తోలు మొదట్లో లేత గోధుమరంగులో ఉంటుంది, చేతి జిడ్డుకు, ఎండకు తేనె రంగుకు తిరుగుతుంది. అది మురికి కాదు, కొబ్బరినూనె, సబ్బు రాసి పాడుచేయకండి. నీటి చుక్క పడితే మచ్చ ఉండిపోతుంది, మన విజయవాడ వానల్లో జాగ్రత్త. ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టకండి, ఉక్కకు బూజు పడుతుంది. పాత నూలు చీరను మించింది లేదు. పూత వేసిన ఆ పైగుడ్డ పగిలితే మాత్రం ఎవరూ బాగుచేయలేరు, అందుకని లోపల బరువు కుక్కకండి. ఏసీ దుకాణానికి వెళ్లేముందు మీ వీధి చివర కుట్టే మనిషికి ఒకసారి చూపించండి.

రాత్రి అన్నయ్యకు ఫోను చేసి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచి ఫొటో పంపమన్నాడు. ముందు వైపు తీసి పంపాను. వెనక వైపు కూడా కావాలన్నాడు. దీపం కింద పెట్టి, తలకిందులుగా ఉన్న అక్షరాలు స్పష్టంగా కనబడేలా తీసి పంపాను.