మాత్ర వేసుకున్నాను, అన్నం తినలేదు

నా షుగర్‌ని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, కళ్ళజోళ్ళ షాపాయన. భీమవరం దగ్గర పల్లెటూరు మాది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నిరుడు వేసవిలో సూదిలోకి దారం ఎక్కించలేకపోయాను. ఒకరోజు బాగానే కనబడేది, మర్నాడు మసక. నలభై ఆరేళ్ళు వచ్చాయి కదా, చత్వారం అనుకుని జోడు మార్పించాను. నెల తిరక్కుండానే మళ్ళీ మసక. రెండోసారి వెళ్తే ఆయన అద్దాలు పక్కన పెట్టేసి, "అమ్మా, పవర్ ఇలా వారానికోలా మారుతోందంటే ముందు షుగర్ చూపించుకోండి" అన్నాడు. అప్పటికే రాత్రిళ్ళు నాలుగైదుసార్లు బాత్రూముకి లేస్తున్నాను. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాను, అందుకేలే అనుకున్నాను. అన్నేసి నీళ్ళు ఎందుకు తాగుతున్నానో మాత్రం ఆలోచించలేదు.

పరీక్ష చేస్తే పరగడుపున 214, తిన్నాక 312. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ 9.8 వచ్చింది. 6.5 వస్తేనే షుగర్ కింద లెక్కట. టౌన్లో పేరున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. టోకెన్ కోసం మూడు గంటలు కూర్చుంటే లోపల మూడు నిమిషాలు కూడా పట్టలేదు. రిపోర్టు చూసి, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి తిండికి ముందు వేసుకోమని రాశాడు. లేస్తుంటే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఒక మాటన్నాడు. "ఒక్క పూట మానావంటే కాలు తీసేస్తారు, నీ ఇష్టం."

మా మేనమామకి మోకాలి దాకా తీసేశారు. ఆయన మంచం పక్కన ఆనించి ఉండే చెక్క కర్ర చిన్నప్పట్నుంచీ నా కళ్ళలో ఉంది. డాక్టరుకి ఆ సంగతి తెలియదు, నిజమే. తెలుసుకుందామని అడగనూ లేదు. ఆ రోజు నుంచి కాఫీ మర్చిపోయినా మాత్ర మర్చిపోలేదు.

అన్నం సగానికి తగ్గించాను. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచాను. దసరాకల్లా పరగడుపున 118కి దిగింది. మళ్ళీ చూపించుకుంటే "బాగుంది, అవే వాడు" అన్నారు. షుగర్ దిగింది, మాత్ర మాత్రం దిగలేదు. అప్పట్లో మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

కార్తీకం వచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ సోమవారాలు ఉపవాసం ఉంటాను. మొదటి సోమవారం ఎలాగో గడిచింది. రెండో సోమవారం తెల్లారుజామున స్నానం చేసి, దీపం పెట్టి, గుక్కెడు నీళ్ళతో మాత్ర మింగాను. మాత్ర మానితే కాలు పోతుంది, ఉపవాసం మానితే నోము చెడుతుంది. రెండూ చేశాను. సాయంత్రం నాలుగింటికి చేతులు వణికి, కత్తెర జారింది. ఉపవాసమంటే అంతే కదా అనుకున్నాను. గుడి నుంచి వచ్చాక తింటాను కదా అని రాత్రి మాత్ర కూడా ముందే వేసేసుకుని గునుపూడి సోమేశ్వరుడి గుడికి వెళ్ళాం. పంచారామాల బస్సులన్నీ ఆ వేళకే వచ్చినట్టున్నాయి, లైను రోడ్డు దాకా ఉంది. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. అత్తగారు వండిపెట్టారు కానీ నాకు కడుపులో తిప్పుతోంది. చిన్న దొన్నెడు పులిహోర ప్రసాదం తిని పడుకున్నాను.

తర్వాతిదంతా మా ఆయన చెబితే తెలిసింది. రాత్రి రెండున్నరకి కుట్టుమిషను చప్పుడుకి మెలకువ వచ్చిందట. లేచి చూస్తే చీకట్లో నేను మిషను ముందు కూర్చుని తొక్కుతున్నాను. దారం లేదు, గుడ్డ లేదు. కట్టుకున్న చీర వానలో తడిసినట్టు ఒంటికి అంటుకుపోయింది. పిలిస్తే తిరిగి చూశానట, ఆయనెవరో తెలియనట్టు. నాకు గుర్తున్నది ఒక్కటే. ఎవరిదో జాకెట్ పొద్దుటికి ఇచ్చెయ్యాలి, సూది కదలటం లేదు.

అత్తగారు లేచి లైటు వేశారు. ఆవిణ్ణి చూసి నేను ఏమేమో తిట్టానట. ఇరవై రెండేళ్ళలో ఆవిడకి ఎదురు చెప్పినదాన్ని కాదు. (ఏం తిట్టానని ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ చెప్పరు.) జుట్టు విరబోసుకుని, ఊగిపోతూ, చెమటలు కక్కుతూ, కార్తీక సోమవారం అర్ధరాత్రి. ఆవిడ చేతులు జోడించి "స్వామీ, ఏం తప్పు చేశామో చెప్పు తండ్రీ" అన్నారు. విభూతి పెట్టారు, ఎర్రనీళ్ళు దిష్టి తీశారు, కొబ్బరికాయ కొట్టారు. ఇరవై నిమిషాలు అలా పోయాయి. పంచదార డబ్బా నాకు రెండు బారల దూరంలో ఉంది.

ఆ గోలకి పక్కింటి కుర్రాడు వచ్చాడు, ఆటో నడుపుతాడు. వాళ్ళ నాన్నకి పదేళ్ళుగా షుగర్. నన్ను ఒక్క చూపు చూసి "పిన్నికి ఇది పూనకం కాదు బాబాయ్, లో షుగర్" అని ఇంటికి పరిగెత్తి వేలు గుచ్చి చూసే మిషన్ తెచ్చాడు. 38. డెబ్భై లోపుకి వస్తేనే ప్రమాదం అంటారు. పావుగ్లాసు నీళ్ళలో గుప్పెడు పంచదార కలిపి తాగించాడు. సగం చీర మీద పోసుకున్నాను, గ్లాసు అంచు కొరికాను. అప్పటికింకా మింగగలుగుతున్నాను కాబట్టి సరిపోయింది. స్పృహ లేనివాళ్ళకి నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ ముక్క ఎవరికైనా చెప్పండి, వినేదాకా చెప్పండి. పావుగంట తర్వాత 64కి వచ్చింది, ఆ తర్వాత 108 వచ్చింది.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. నర్సమ్మ నరం వెతుకుతూ "దేవుడి పేరు చెప్పి పస్తులుండేది మీరు, నిద్ర పోయేది మాకు" అంది. లేచి వెళ్ళిపోదామనిపించింది. కానీ పొద్దున ఆరింటికి నేను మళ్ళీ చెమటలు పట్టి నోరు తడబడుతుంటే ముందు కనిపెట్టింది ఆవిడే. 61. ఈ రకం మాత్ర ఒంట్లో రోజంతా పనిచేస్తూనే ఉంటుందట, ఒకసారి లేచిన షుగర్ మళ్ళీ పడిపోవచ్చట. బాగైందని రాత్రే ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేదో. ఆవిణ్ణి తిట్టుకోవాలో దండం పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

పది రోజులకి మా పీహెచ్‌సీకి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మకి మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో. చీటీ చూడకముందే "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏ వేళకి ఏం తింటారో చెప్పండమ్మా" అంది. షుగర్ వచ్చాక నన్ను ఈ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. జాకెట్ల సీజన్‌లో మధ్యాహ్నం భోజనం నాలుగింటికని చెబితే పెన్ను పక్కన పెట్టేసింది. గ్లిమిపిరైడ్ ఆపేసి, మెట్‌ఫార్మిన్ ఒక్కటే తిన్నాక వేసుకోమంది. అదొక్కటే వాడేవాళ్ళకి షుగర్ ఇలా పడిపోవడం చాలా అరుదట. కిడ్నీల పరీక్ష రాసింది, ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించుకోమంది. కళ్ళు మూసుకోమని, గేలం దారంలాంటి సన్నటి నైలాను దారంతో అరికాళ్ళ మీద తాకుతూ "తెలుస్తోందా?" అని అడిగింది. ప్రతిసారీ తెలిసింది. దారం పనివాళ్ళం కదా అన్నాను. నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, కాలు ఉందని.

గ్లిమిపిరైడ్ చెడ్డ మందేం కాదు. పక్కింటాయన అదే వాడతాడు, కానీ గంట కొట్టినట్టు అన్నానికి కూర్చుంటాడు. నా కోపం మందు మీద కాదు. మాత్ర మానితే ఏమవుతుందో అందరూ చెప్పారు. మాత్ర వేసుకుని తిండి మానితే ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు. ఆ మాటే అడుగుదామని టౌన్ డాక్టరు దగ్గర మళ్ళీ టోకెన్ తీసుకుని కూర్చున్నాను. "తిండికి ముందు అని రాశానుగా, తినమనే కదా అర్థం" అన్నాడు. బయటికొచ్చాక మా ఆయన "అదీ నిజమేనేమోనే" అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

మూడు నెలలకి ఏ1సీ 6.8 వచ్చింది. ఈ కార్తీకంలో డాక్టరమ్మని అడిగే మొదలుపెట్టాను. దీపం పెట్టి, ఎనిమిదింటికి ఉప్మా తిని, మాత్ర వేసుకుంటున్నాను. శివుడికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

ఆ రాత్రి స్వామి వచ్చాడనే అత్తగారు ఇప్పటికీ అంటారు. కాకపోతే పంచదార ఇమ్మని చెప్పడానికి వచ్చాడట, తనకే అర్థం కాలేదట. రోజూ పడుకునేముందు చిన్న స్టీలు డబ్బాలో పంచదార పోసి నా మిషను మీద పెడతారు. మూత సరిగ్గా పెట్టరు. తెల్లారేసరికి చీమలు, జాకెట్ ముక్కల మీద కూడా. నేను దులుపుకుంటూ విసుక్కుంటాను, ఆవిడ వినిపించుకోరు.