తిత్లీ గురించి ఒక నిమిషం, ఇంగ్లీషులో

మూడో సెమిస్టర్ ఫలితాలు నిన్న సాయంత్రం వచ్చాయి. ఇంగ్లీషు గట్టెక్కింది. ఇక డిగ్రీ అయ్యేదాకా ఆ సబ్జెక్టు మొహం చూడక్కర్లేదు. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్షలో సారు నన్ను నవ్వులపాలు చేసిన కోపం చల్లారకముందే రాసేస్తున్నా, చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

మాది పొందూరు దగ్గర పల్లె. పది జిల్లా పరిషత్ స్కూల్లో, ఇంటర్ ప్రభుత్వ కాలేజీలో, రెండూ తెలుగు మీడియమే. డిగ్రీకి విజయనగరంలో సీటొచ్చింది. ఆన్‌లైన్ అడ్మిషన్, సర్టిఫికెట్లు, ఫీజు అంతా సాఫీగానే అయిపోయింది. పొద్దున్న పాసింజరెక్కితే సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటి విజయనగరం. ఇదీ రోజూ దారి.

మా బ్యాచ్‌కి ఇంకో యోగం పట్టింది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే చేసేశారు. దాంతో బోటనీ, జువాలజీ కూడా ఇంగ్లీషులోనే. అవెలాగో నెట్టుకొచ్చాం. ఇంగ్లీషు సబ్జెక్టు రాతపరీక్ష కూడా కష్టమేం కాదు. 75 మార్కుల పేపరు, బజార్లో గైడు దొరుకుతుంది, బట్టీ పడితే పాసైపోతారు. బట్టీ పట్టడంలో మమ్మల్ని కొట్టే కాన్వెంటు పిల్లలు ఇంకా పుట్టలేదు.

అసలు గొడవంతా మిగతా 25 దగ్గర, అంటే కాలేజీవాళ్లే వేసే ఇంటర్నల్. మా కాలేజీలో అందులో కొన్ని మార్కులు ‘జామ్’కి పెట్టారు. జస్ట్ ఎ మినిట్. డబ్బాలోంచి చీటీ తీయాలి, అందులో ఉన్న టాపిక్ మీద నిమిషం పాటు మాట్లాడాలి. తడబడకూడదు, చెప్పిందే చెప్పకూడదు, విషయం వదిలి పక్కకి పోకూడదు. ఇది 1967లో బీబీసీ రేడియోలో మొదలైన ఆట. మాటల్లో ఆరితేరిన వాళ్లు నవ్వుకోడానికి ఆడుకునేదాన్ని తెచ్చి మా మార్కులకి ముడిపెట్టారు.

రెండో సెమిస్టర్‌లో నాకొచ్చిన చీటీ ‘అన్‌ఫర్‌గెటబుల్ డే’. చూడగానే సంతోషమేసింది. ఎందుకంటే 2018 దసరా సెలవులకి నేను ఉద్దానంలో అమ్మమ్మగారింట్లో ఉన్నాను. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఆ గాలి హోరు విన్నదాన్ని. తెల్లారి తలుపు తీస్తే తాతయ్య నాటిన కొబ్బరిచెట్లు ఒకదానిమీద ఒకటి పడున్నాయి. జీడితోటయితే తోటలానే లేదు. తాతయ్య ఒక మొద్దు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లకి జనరేటర్ ఉన్న ఇంటి ముందు బిందెల వరస. తెలుగులో అడిగితే గంట చెప్తాను.

మైకు ముందుకెళ్లాను. పేరు చెప్పాను. "ఇన్ ట్వంటీ ఎయిటీన్" అన్నాను. అంతే. కొబ్బరిచెట్లు కళ్ల ముందు ఉన్నాయి, నోట్లోకి మాత్రం రావట్లేదు. "చెట్లు వేళ్లతో సహా పెకిలిపోయాయి" అనే వాక్యం తెలుగులో తయారైపోయింది, దాన్ని ఎక్కణ్ణుంచి తిప్పడం మొదలెట్టాలో అర్థం కాలేదు. "అంటే... అంటే..." అన్నాను, అదీ మైకులో. సారు ఫోన్లో టైమర్ చూసుకుంటూ, "ఏమ్మా, ఏ మీడియం నువ్వు?" అన్నారు. "తెలుగు మీడియం సార్." "అదీ, అనుకున్నా. మరి ఇక్కడెందుకు చేరావు?" క్లాసంతా నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది నాలాంటి స్కూళ్లలో చదివినవాళ్లే, అదీ నా మంట. ఆయన ఇంగ్లీషులో ఇంకేదో అన్నారు, నాకు అందలేదు, ముందు వరస మాత్రం మళ్లీ నవ్వింది. టైమరు ఇంకా నడుస్తూనే ఉంది. నిమిషం అయ్యేదాకా నిలబెట్టి, "నెక్స్ట్" అన్నారు.

అక్కడితో అయిపోలేదు. ఆ రోజు నుంచి హాజరు పిలిచేటప్పుడు నా పేరు బదులు "తెలుగు మీడియం వచ్చిందా?" అనడం మొదలెట్టారు. ఆయన దృష్టిలో అది చనువు. నేను "ప్రెజెంట్ సార్" అని చేయెత్తాలి.

గురజాడ అప్పారావు గారు చదువుకున్న ఊరు ఇది. ఇక్కడి మహారాజా కాలేజీలోనే పాఠాలు చెప్పారు, డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నారు, తెలుగుని జనం నోటిమాటకి దగ్గర చేశారు. రెండు భాషలూ ఆయన దగ్గర కొట్టుకోలేదు. ఈ ఊళ్లోనే ఒక పిల్లని నిలబెట్టి మీడియం అడిగి నవ్వించడానికి మనసెలా ఒప్పుతుందో నాకు తెలీదు. పాఠం చెప్పడానికి జీతం తీసుకుంటారు కదా, నవ్వించడానికైతే జాతరకి వెళ్లొచ్చు.

ఆ సాయంత్రం రైల్లో నా ఫ్రెండు, "ఏటే, ఏటయింది నీకు, అలా ఉండిపోయావ్?" అంటే ఏడుపు ఆగలేదు. నాన్న ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్‌లో చేర్పించాడు. దాని గురించి ఒక్క మాట: డబ్బు దండగ. హోటల్లో ఎలా ఆర్డరివ్వాలి, ఎయిర్‌పోర్టులో ఏమనాలి అని కాగితాలు ఇచ్చి వల్లె వేయించారు. పొందూరు పిల్లకి ఎయిర్‌పోర్టులో ఏం పని?

దారి చూపింది ఇంకో మేడం. మాకు క్లాసు కూడా చెప్పరు, లైబ్రరీలో కనిపిస్తే అడిగాను. "తిత్లీ గురించే చెప్పు, కానీ తెలుగు వాక్యాన్ని తిప్పకమ్మా. మనకి క్రియ చివర్లో వస్తుంది, ఇంగ్లీషు వాళ్లకి మనిషిని చెప్పిన వెంటనే క్రియ వచ్చేయాలి. ముందు ఎవరు, వెంటనే ఏం చేశారు, మిగతాది తర్వాత. ఒక వాక్యానికి ఒకే పని" అన్నారు. పెకిలిపోవడానికి పెద్ద మాట వెతకొద్దన్నారు. "ది ట్రీస్ ఫెల్" చాలు. తాతయ్య కూర్చున్నారు, "మై గ్రాండ్‌ఫాదర్ శాట్ ఆన్ ఎ లాగ్." ‘డిడ్’ వచ్చాక ‘వెంట్’ రాదు, ‘గో’నే. ఇంకోటి, మనం ప్రతి అక్షరాన్నీ ఒకే బరువుతో పలుకుతాం, వాళ్లు ఒకచోట నొక్కి మిగతాది వదిలేస్తారు. ‘సైక్లోన్’లో ‘సై’ మీద నొక్కాలి. ఆగడం తప్పు కాదు, "అంటే" అనడమే తప్పు. ఈ నాలుగు ముక్కలు ఏ గైడులోనూ నాకు దొరకలేదు.

తర్వాతదంతా రైలే. సిగడాం నుంచి చీపురుపల్లి దాకా నేనూ నా ఫ్రెండూ ఇంగ్లీషే మాట్లాడాలని పందెం. ఎదుటి సీట్లో కూరగాయల బుట్టలతో వచ్చే ఆవిడ మొదట్లో వింతగా చూసేది, తర్వాత "ఇయ్యాల సప్పుడు లేదేటమ్మా?" అని తనే అడిగేది. రాత్రి ఫోన్లో ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని న్యూస్ రీడర్ వెనకాలే అనేదాన్ని. సినిమాలు చూస్తే వస్తుందంటారు, నాకు రాలేదు, ఎదురుగా ఒక మనిషి కూర్చుంటేనే వచ్చింది.

మూడో సెమిస్టర్ జామ్‌లో చీటీ ‘మై గ్రాండ్‌పేరెంట్స్’. తాతయ్య నుంచి తిత్లీలోకి వెళ్లాను, విషయం దాటినట్టు కాదు కదా. కొబ్బరిచెట్లు పడ్డాయి, తాతయ్య కూర్చున్నాడు, మూడు రోజుల తర్వాత గునపం తీసుకుని లేచాడు. అక్కడికి వచ్చేసరికి బెల్లు కొట్టారు, ఇంకా చెప్పాల్సింది మిగిలే ఉంది. ముందు వరస నవ్వలేదు. సారు "నెక్స్ట్" అన్నారు, అంతే. మెచ్చుకోవాలని నేనూ అనుకోలేదు. పేరు పెట్టి పిలవడం మాత్రం ఆ వారం నుంచి మొదలెట్టారు.

మార్కులు చూస్తే ముందు వరసలో చాలామంది కంటే నాకే ఎక్కువ. ఈ ముక్క రాయకుండా ఉండలేను.

ఇప్పుడు చేరేవాళ్లకి చెప్పేది, జామ్ మార్కులు ఎవరికెంత వేశారో ఎవరూ పిలిచి చెప్పరు. రెండో సెమిస్టర్‌లో నాకెంత వేశారో ఫలితాలు వచ్చాకే తెలిసింది, అప్పుడడిగితే "యూనివర్సిటీకి పంపేశాం, ఇక మార్చలేం" అన్నారు. మా దగ్గర పంపే ముందు ఆ లిస్టు డిపార్ట్‌మెంటు తలుపు మీద ఒక్క పూట అంటిస్తారు. ఆ పూట మాత్రం కాలేజీ ఎగ్గొట్టకండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.