కరెంటు బిల్లు లెక్క నేనే వేసుకున్నాను

మొన్నటి బిల్లులో 282 యూనిట్లు కనిపించగానే నేను గీజరునే అనుమానించాను. అంతకు ముందు బిల్లు 231 యూనిట్లే కావడంతో మీటరే తప్పు తిరుగుతోందేమోనన్న సందేహం కూడా కలిగింది. రెండు బిల్లులను పక్కపక్కన పెట్టి రీడింగు తేదీలు చూసిన తరువాత తెలిసింది, పాత బిల్లు 29 రోజులది, కొత్తది 35 రోజులది. రోజుకు లెక్కిస్తే రెండూ ఇంచుమించు 8 యూనిట్లే. మొత్తం యూనిట్లను పై శ్లాబు (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే అంచె) ధరతో గుణించి కంగారు పడడం నా మరో పొరపాటు. మా బిల్లులో ఆ ధర కింది శ్లాబు దాటిన యూనిట్లకే వర్తిస్తుంది. స్థిర ఛార్జీ మంజూరైన లోడును (ఇంటికి ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన కరెంటును) బట్టి విడిగా పడుతుంది.

మరి ఆ 8 యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి? 1,000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. గీజరు 2,000 వాట్లది కాబట్టి భయపడ్డాను గానీ, 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి దానికి పావుగంటకు కాస్త పైన చాలు, అంటే అర యూనిట్‌కు కొంచెం ఎక్కువ. ఉదయం మూడుసార్లు వేడిచేస్తే 1.6 యూనిట్లు. ఫ్రిజ్ విషయంలో వాట్లను 24 గంటలతో గుణిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కంప్రెసర్ ఆగుతూ తిరుగుతుంది. ప్లగ్‌కు తగిలించే చిన్న మీటరుతో ఒక రోజంతా కొలిస్తే 1.1 యూనిట్లు వచ్చింది.

అసలు ఆశ్చర్యం ఒక రాత్రి ఎదురైంది. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేశామనుకొని మీటరు ముందు నిలబడితే, దాని ఎర్ర దీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది. మీటరు మీద యూనిట్‌కు 3,200 మిణుకులని రాసి ఉంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే మిణుకుకూ మిణుకుకూ మధ్య 25 సెకన్లు పడుతోంది. అంటే గంటకు 144 మిణుకులు, అనగా 45 వాట్లు. ఇన్వర్టరు, రౌటరు, రిమోటుతో మాత్రమే ఆపిన సెట్‌టాప్ బాక్సు కలిసి రోజుకు ఒక యూనిట్‌కు పైగా తాగుతున్నాయన్నమాట!

అయినా పెద్ద వాటా వాటిదీ కాదు. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు, ఒక్కొక్కటి సగటున 12 గంటలు తిరిగితే 3.6 యూనిట్లు అవుతాయి. ఇన్నాళ్లూ గీజరు దగ్గర పిల్లలను కసురుకున్నానే గాని, తలమీద తిరుగుతున్నదాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. ఇవన్నీ కలిపితే 7.4 వచ్చింది, మిగిలిన అర యూనిట్ చిల్లరను దీపాలకూ మిక్సీకీ వదిలేశాను.

మొదట పడకగది ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) పెట్టించాను. 12 గంటలకు 0.54 యూనిట్ మిగులుతుంది. సెట్‌టాప్ బాక్సును ఇప్పుడు గోడ స్విచ్ దగ్గరే ఆపుతున్నాము.