ఆరకిల్ కార్డుల్లో పాతకాలపు సుందరి

ఆరకిల్ కార్డులంటే జోస్యం చెప్పుకోవడానికి వాడే బొమ్మల కార్డుల కట్ట. వాటి మీద నాకున్న మోజుకు జోస్యం కంటే బొమ్మలే ఎక్కువ కారణం. జోస్యానికే వాడే మరో రకం కట్ట అయిన టారోకు 78 కార్డులు, వాటికొక కట్టుదిట్టమైన వరస ఉన్నాయి; ఆరకిల్‌కు అటువంటి నియమమేదీ లేదు కనుక కట్టలో ఎన్ని కార్డులుండాలో, వాటిపై ఏ బొమ్మలుండాలో పూర్తిగా తయారుచేసేవారి ఇష్టం. ఇంత స్వేచ్ఛ ఉన్నా, చాలామంది 1890ల నాటి పారిస్‌కే వెళ్లి, అలలుగా జారే జుట్టుతో, అరమోడ్పు కన్నులతో, తల వెనుక పూల వలయంతో కనిపించే ఆ స్త్రీనే వెంటబెట్టుకొని వస్తారు.

ఆమెకు ఆ రూపురేఖలు దిద్దినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముచా. 1895 జనవరి 1న పారిస్ గోడలకెక్కిన ‘జిస్మొందా’ నాటకం పోస్టర్‌లో ఆయన నటి సారా బెర్నార్‌ను రెండు మీటర్లకు పైబడిన కాగితం మీద, తలలో పూలతో నిలబెట్టి, ఆమె పేరునే తల వెనుక తోరణంలా వంచి రాశాడు. మరుసటి ఏడు వేసిన ‘జాబ్’ సిగరెట్ కాగితాల ప్రకటనలో ఒక యువతి కళ్లు సగం మూసుకొని, వేళ్ల మధ్య సిగరెట్టు పట్టుకొని, తన జుట్టు మెలికల్లోనే మైమరచి ఉంటుంది. అందులోంచి సిగరెట్టునూ సరుకు పేరునూ తీసేసి, అడుగున ‘అంతర్వాణి’ అని అచ్చువేస్తే ఈనాటి ఆరకిల్ కార్డు తయారైనట్లే.

ఆకర్షణంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ప్రకటనలోని స్త్రీకి సొంత కథంటూ ఉండదు. చూసేవారు తమ కోరికను ఆమెకు అంటగట్టుకోవాలనే ఆమెను అలా గీశారు, కార్డు తీసేవారు చేసేదీ అదే. జోస్యానికే వాడే మరో రకమైన లెనార్మాండ్ కార్డుల్లో 29వది కేవలం ‘స్త్రీ’, ప్రశ్న అడిగేది ఆడమనిషి అయితే ఆ కార్డే ఆమెకు గుర్తు. దీనికి భిన్నంగా, 1909లో లండన్‌లో వెలువడిన టారోకు పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన ‘దండాల రాణి’ కార్డులోని స్త్రీ చేతిలో పొద్దుతిరుగుడు పువ్వు, కాళ్ల దగ్గర నల్లపిల్లి పెట్టుకొని, ఎదురుగా ఎవరున్నా తన మాటే నెగ్గాలన్నట్లు కూర్చుంటుంది. ఆమెలో నన్ను నేను చూసుకోవడం కష్టం, ముచా సుందరిలో మాత్రం చాలా తేలిక.

మనకు ఈ బొమ్మలు పరాయివిగా తోచకపోవడానికి మరొక కారణమూ ఉంది. ముచా పోస్టర్ల కాలంలోనే, 1894లో, రవివర్మ బొంబాయిలో రంగుల శిలాముద్రణ మొదలుపెట్టాడు. తామరపై నిలిచిన ఆయన లక్ష్మిని తెలుగువారు పటం కట్టించి పూజగదిలో పెట్టుకున్నారు. ముఖంలో ఆ ప్రశాంతత, వెనుక ఆ వెలుగు మన కళ్లకు అలవాటైనవే. (చిలకజోస్యం కార్డుల్లో కనిపించే దేవుళ్లకూ ఇలాంటి కేలండర్ బొమ్మల పోలికలే ఉంటాయి.)

ముచా 1939లో మరణించాడు, ఆయన బొమ్మలపై డెబ్బై ఏళ్ల కాపీహక్కుల గడువు తీరిపోయింది; ఆయన శైలి చవకగా అంతటా వ్యాపించడంలో దీని పాత్ర చిన్నది కాదు. కొత్త కాగితానికి కంప్యూటర్‌లో పసుపు మరకలు పూసి పాతదనం తెచ్చే కట్టలను నేను కొనను. అంతకంటే పెద్ద ఫిర్యాదు మరొకటుంది: నా దగ్గరున్న కట్టల్లో ఆ పూల వలయం ముందు నెరిసిన జుట్టుతో, పనిచేసి కాయలు కాసిన చేతులతో కూర్చున్న స్త్రీ ఒక్కరూ లేరు.