పిక్క పట్టేసిన రాత్రులు

నిన్నటితో పదహారు రాత్రులు. ఒక్కసారి కూడా పిక్క పట్టలేదు. ఆ ఊపు చల్లారకముందే రాస్తున్నాను.

మూడు నెలలపాటు వారానికి నాలుగైదు రాత్రులు ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయి, కేక పెట్టి లేచేవాణ్ణి. రెండు మూడు నిమిషాల్లో వదిలినా మర్నాడంతా సలుపు. ఇంట్లో అందరూ 'నరం పట్టింది' అనేవారు. పట్టేది నరం కాదు, కండరం.

రక్త పరీక్షలు ఒక్కరోజులో అయిపోయాయి, అన్నీ నార్మల్. అసలు అవమానం డాక్టరు గదిలో జరిగింది. పట్టపగలు కాలు మామూలుగానే ఉంటుంది కదా! 'ఎక్కడో చూపించండి' అన్నాడాయన. నొక్కి చూసి, 'ఇక్కడేం లేదే' అన్నాడు. రాత్రిపూట వస్తుందండీ అన్నాను. 'అయితే రాత్రే రండి' అని తనే నవ్వాడు. పక్కనున్న కుర్ర డాక్టర్లిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడితో ఆగానా? బల్లమీద పడుకుని, పాదం వంచి, పళ్లు బిగించి ఎలా పడుతుందో అభినయించి మరీ చూపించాను, యాభై ఎనిమిదేళ్ల మనిషిని! 'వయసు సార్' అంటూ మెగ్నీషియం మాత్రలు రాశాడు. నెల మింగినా తేడా లేదు. పెద్దవయసువాళ్లకు ఈ బాధలో అవి పెద్దగా పనిచేయవని తర్వాత తెలిసింది.

తెలిసినాయన ఒకరు మలేరియా మందు క్వినైన్ వేసుకోమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పిక్కలు పట్టడానికి దాన్ని వాడితే ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో హెచ్చరించింది.

రెండో డాక్టరమ్మ ముందు అడిగింది నేను వాడే మందుల గురించి. కాలు వాచిందా, ఎర్రబడిందా, నడిస్తే నొప్పా అని కూడా అడిగారు. అలాంటివి ఉంటే కథ వేరేనట. బీపీకి నేను వేసుకునే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కారణం కావచ్చని దాన్ని మార్చారు. మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరే మార్చాలి.

పడుకునే ముందు గోడకు అరచేతులు ఆనించి, మడమలు నేలకు అంటి ఉంచి, మోకాళ్లు వంచకుండా ముందుకు వాలమన్నారు. అర నిమిషం చొప్పున మూడుసార్లు. పట్టేసినప్పుడేమో కాలు చాచి పాదాన్ని మనవైపు లాక్కోవాలి. నేనిన్నాళ్లూ వేళ్లు కిందికి వంచి దాన్ని ఇంకా బిగించుకున్నాను! పాదాలమీద దుప్పటి బరువు కూడా తగ్గించాను.

మాత్ర మార్చడమా, గోడా, ఏది పనిచేసిందో చెప్పలేను. రెండూ వదలను. ఆ మొదటి డాక్టరుగారి తలుపు మాత్రం ఒకసారి రాత్రి రెండింటికి తట్టాలని ఉంది. రమ్మన్నది ఆయనే కదా.